అత్తగారు తోమిన వైర్లు

ఆ రోజు పొద్దున బోటు నడిపే సరంగు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. బావమరిది టిఫిను వేళకు వస్తాడు. వరండాలో కూర్చుని బోటుకు తెప్పించిన కొత్త వైర్లను కొలత ప్రకారం కోస్తాడు, కొసల్లో పైతొడుగు ఒలుస్తాడు. ఈలోగా తను బజారుకు వెళ్ళి ఆ కొసలకు బిగించే లగ్గులు తెస్తాడు. మధ్యాహ్నం ఇద్దరూ బోటెక్కి పాత వైర్లు పీకేసి కొత్తవి వేస్తారు. మర్నాడు ఉదయం తనిఖీ అధికారి వస్తాడు, చూస్తాడు, పర్మిట్ రాస్తాడు. ఇందులో అత్తగారి ప్రస్తావన ఎక్కడా లేదన్న సంగతి పాఠకులు గమనించాలి.

పర్మిట్ రాకపోతే మాత్రం కొంప మునిగినట్టే. పాయకు అవతలి ఒడ్డుకు జనాన్ని దాటించే పని ఆ రేవులో ఒక్క బోటుకే ఇస్తారు. పాత పర్మిట్ గడువు ఆ వారంతో సరి. సరంగు బోటు తనిఖీలో తప్పితే ఆ పని అందుకోవడానికి ఇంకొక బోటు కొత్త రంగులు వేసుకుని పక్కనే కాచుకుని ఉంది. సరంగుకు బోటు నడపడం తప్ప ఇంకో పని రాదు. నడపడానికి ఇంకో బోటూ లేదు.

తనిఖీలో తప్పడానికి కారణాలు కూడా బాగానే ఉన్నాయి. సముద్రపు నీరు ఎగదన్నే ఆ పాయ మీద గాలి కూడా ఉప్పగానే ఉంటుంది. ఆ ఉప్పుకు బోటులోని పాత రాగి వైర్లు తొడుగు లోపలే చిలుము పట్టి, పట్టుకుంటే ఆకుపచ్చ పొడి రాలేది. లైటు స్విచ్ వేస్తే హారన్ మోగేది. హారన్ నొక్కితే లైటు ఆరిపోయేది. సాయంత్రం పూట సరంగు చెయ్యి లైటు స్విచ్ వైపు కదిలిందంటే చాలు, రోజూ వచ్చే ప్రయాణికులు మాటలాపి చెవులు మూసుకునేవారు.

అందుకని ఈసారి వైరు దగ్గర పొరపాటు జరగకూడదని సరంగు గట్టిగా అనుకున్నాడు. అసలే అతను చీపురు కొనాలన్నా బజారంతా తిరిగే రకం. దొరికిన ప్రతి రకం వైరు ముక్కా తెచ్చి, ఇంట్లో ఉన్న గాజు గ్లాసులన్నిటిలో పాయ నీళ్ళు పోసి, ఒక్కో ముక్కను ఒక్కో గ్లాసులో వేసి వంటింటి కిటికీలో వరసగా పేర్చాడు. అవి అలా నానుతున్నంత కాలం ఇంటికొచ్చిన చుట్టాలు గిన్నెల్లో కాఫీ తాగారు. ఒక్కో గ్లాసులో నీళ్ళు ఒక్కో రకంగా పచ్చబడ్డాయి. ఒక్క గ్లాసులో మాత్రం తేటగానే ఉండిపోయాయి. అందులోది కూడా రాగి వైరే కాని, దాని సన్నటి పోగుల్లో ప్రతిదానికీ తగరం పూత ఉంది. ఆ పూత వల్ల చూడడానికి వెండిలా తెల్లగా ఉంటుంది. అటువంటిది ఊళ్ళో దొరకదు కనక సరంగు బోటునంతా కొలిచి, ఎంత కావాలో అంతే, బెత్తెడు కూడా మిగలకుండా పై ఊరి నుంచి తెప్పించాడు.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. చెబుదామని అతను నోరు తెరిచినప్పుడల్లా కూర మాడుతోందంటూ భార్య లేచి వెళ్ళిపోయేది, పొయ్యి మీద కూర లేని రోజుల్లో కూడా. బావమరిదికి చెప్పడం ఇంకా కష్టం. అతను ఇళ్ళకు కరెంటు పని చేసే మనిషి. ఇన్ని ఇళ్ళకు వెలుగు తెచ్చిన తనను ఒక్క మాట అడక్కుండా బావ వైరు ఎంచాడని లోపల్లోపల ఉడుకుతున్నాడు. ఇక అత్తగారితో మాటలే లేవు. కొన్నేళ్ళ కిందట ఆవిడ మిక్సీ బాగానే తిరుగుతుండగా, ఇంకా బాగా తిరిగేలా చేస్తానని సరంగు దాన్ని విప్పాడు. మళ్ళీ బిగించాక ఒక మర మిగిలింది. ఆ తర్వాత మిక్సీ తిరగలేదు, అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడలేదు. అతను ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "మీ ఆయన్ని కాస్త పక్కకి జరగమను" అని కూతురితోనే చెప్పేది.

సరంగు బజారులో ఉండగా వరండాలో జరిగిందంతా తర్వాత భార్య చెబితే తెలిసింది. బావమరిది మొదటి వైరు కోసి, కొస ఒలిచి, గుడ్లప్పగించి చూశాడట.

"అక్కా, బావ నిండా మోసపోయాడు. రాగి అంటే ఎర్రగా ఉండాలి. ఇది చూడు, జ్వరం వచ్చిన మనిషిలా తెల్లగా పాలిపోయి ఉంది. అల్యూమినియం అంటగట్టారు!"

"అయ్యో! రేపే కదరా తనిఖీ!"

అతను బ్లేడుతో గీకి చూశాడు. తెల్లటి పూత కింద ఎర్రటి రాగి కనబడింది. "అమ్మయ్య, రాగే" అన్నాడు గానీ, ఆ వెంటనే ఇద్దరికీ ఇంకో అనుమానం వచ్చింది. రాగే అయితే పైన ఈ తెల్లదేమిటి?

దానికి సమాధానం లోపలి గదిలోంచి నడిచి వచ్చింది.

"ఇంకేముంటుంది? పాత సరుకు. నల్లబడిపోతే కనబడకుండా పైన ఏదో పూసి అమ్మేశారు" అంది అత్తగారు. "మీ ఆయనకి వస్తువు చూడ్డం ఎప్పుడు తెలిసింది గనక? ఇటు తే."

అత్తగారున్న ఇంట్లో రాగి వస్తువేదీ మసకబారి ఉండడానికి సాహసించదు. ఆవిడ తోమిన బిందెలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఒక చేత్తో గరుకు కాగితం, ఇంకో చేత్తో ఉప్పూ నిమ్మచెక్కా పట్టుకుని ఆవిడ వరండాలో చతికిలబడింది.

"ఇంత పొట్టిగా ఒలిస్తే నాకు పట్టు ఎక్కడ దొరుకుతుందిరా? జానెడు ఒలువు."

"లగ్గుకి వేలెడు చాలమ్మా."

"తోమేది నువ్వా, నేనా?"

అతను జానెడు చొప్పున ఒలిచాడు, ఆవిడ తోమింది, కూతురు తడి గుడ్డతో తుడిచింది. ముగ్గురూ కలిసి ఏదైనా పని అంత సఖ్యంగా చేయడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు.

సరంగు లగ్గుల సంచీతో ఇంటికి వచ్చేసరికి వరండా అంతా నిమ్మకాయ వాసన. దండెం మీద వరసగా వైర్లు వేలాడుతున్నాయి. ఒక్కో కొసా ఎర్రగా ధగధగలాడుతోంది. ఒక్క పోగు మీద కూడా తగరం మిగల్లేదు. ఇన్నాళ్ళుగా అతను కిటికీలో గ్లాసులు పెట్టి దేన్నుంచి కాపాడాలని చూశాడో, ఆ ఉప్పునే చేత్తో రుద్ది మరీ పట్టించారు. అరవడానికి నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ, కూతురి వైపు కాకుండా అతని మొహంలోకి చూసింది.

"ఎలా ఉన్నాయి అల్లుడుగారూ?"

సరంగు తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. మిక్సీ తర్వాత ఆవిడ తనతో అన్న మొదటి మాట అది. ఆవిడ వేళ్ళు నిమ్మరసానికి ముడతలు పడి ఉన్నాయి. అతనికి కోపమూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెండిటిలో ఏది ముందు వచ్చిందో అతనే చెప్పలేడు.

"చాలా... ఎర్రగా ఉన్నాయి అత్తయ్యగారూ."

"ఈసారి కొనేటప్పుడు నన్ను వెంట తీసుకెళ్ళండి. మీకు తెలియదు."

"అలాగేనండీ" అన్నాడు. తర్వాత వైర్లు లెక్క చూసుకుంటే బోటు స్తంభం మీది దీపానికి వెళ్ళే వైరు కనబడలేదు. దాన్ని పక్కింటావిడకు చూపించడానికి తీసుకెళ్ళి అక్కడే మరిచిపోయి వచ్చానని అత్తగారు చెప్పింది. పక్కింటికి తాళం వేసి ఉంది. ఆవిడ పొద్దున్నే వచ్చేస్తుందట.

మధ్యాహ్నం బోటులో సరంగు బావమరిదిని కూర్చోబెట్టి అసలు సంగతి మొత్తం చెప్పాడు. ఉప్పు తగిలిన ఉత్త రాగి ఏమవుతుందో చూపించడానికి పాత వైరు ఒకటి పీకి అతని ముక్కు దగ్గర పెట్టాడు. బావమరిది తుమ్మి, నమ్మాడు.

"అయితే ఇప్పుడేం చేద్దాం బావా?"

"తోమిన కొసలన్నీ కోసెయ్యాలి. మీ అమ్మకి తెలియకూడదు."

"నేనైతే చెప్పను. అడిగితే తప్ప."

"అడిగితే?"

"అడిగితే చెప్పేస్తా. అమ్మ కదా."

అంతకుమించి మంచి హామీ దొరికేలా లేదని సరంగు కత్తెర తీశాడు. ఆ కొసా ఈ కొసా కలిపి ఒక్కో వైరుకు మూర పోయింది. మిగులు లేకుండా కొలిచి తెప్పించిన వైర్లు కదా, ఇప్పుడు ఏదీ చేరాల్సిన చోటికి చేరదు. "నా సంచీలో మంచి ఎర్ర వైరుంది, అతుకులు వేసేద్దాం" అన్నాడు బావమరిది. "ఇంకోసారి ఎర్ర అన్నావంటే నీళ్ళలోకి తోసేస్తా" అన్నాడు సరంగు. వైరు పెరగదు కనక, ఇక వస్తువులే జరగాలి.

అడుగున చేరే నీళ్ళు తోడే పంపును పైకి జరపడానికి వీల్లేదు కాబట్టి స్విచ్చుల బోర్డును కిందికి దించారు. బోర్డు దిగేసరికి లైట్లకు వైరు ఇంకా చాలకుండా పోయింది. లైట్లను ఇటు జరిపితే హారన్‌కు చాల్లేదు. అటు లాగితే ఇటు, ఇటు లాగితే అటు. పొద్దు వాలేసరికి స్విచ్చుల బోర్డు సరంగు మోకాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. లోపలి లైటు సరిగ్గా గుమ్మంలో, ఓ మోస్తరు మనిషి నుదుటి ఎత్తున వేలాడింది. కప్పు మీద ఉండాల్సిన హారన్ లోపలికొచ్చి ప్రయాణికుల బల్ల పక్కన, కూర్చున్నవాళ్ళ చెవికి ఆనుకుని స్థిరపడింది. అయితేనేం, స్విచ్ వేస్తే లైటే వెలిగింది, హారన్ నొక్కితే హారనే మోగింది. సరంగుకు చాలా కాలం తర్వాత తన బోటు మీద నమ్మకం కలిగింది.

తనిఖీ అధికారి గురించి రేవులో ఒక మాట చెప్పుకుంటారు. షరతు లేకుండా ఆయన చేత్తో పర్మిట్ రాదని. బోటులో ఏ లోపం కనబడినా దాని కారణం ఆరా తీసి, ఆ కారణాన్నే షరతుగా రాసేస్తాడు. ఒక పడవకు దాన్ని నడిపేవాడు ఈల వేయరాదని రాశాడు. ఇంకొకదానికి మేకలను ఎక్కించినప్పుడు కూర్చోబెట్టాలని రాశాడు. ఆ పర్మిట్‌ను ప్రయాణికులందరికీ కనబడేలా తగిలించాలి. తగిలించకుండా బోటు కదిలితే పర్మిట్ రద్దు.

మర్నాడు ఆయన ఇంకా రేవు మెట్లు దిగుతుండగానే, కూతుర్ని వెంటబెట్టుకుని అత్తగారు రొప్పుకుంటూ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో చుట్టిన వైరు.

"ఇదిగోండి అల్లుడుగారూ, పక్కింటావిడ ఇప్పుడే తాళం తీసింది. బిగించండి, నేను చూస్తా."

ఆవిడ చూస్తుండగా కొసలు కోయడం ఎలా? ఆ కొసల వైపు పరీక్షగా చూడడానికి కూడా అతనికి ధైర్యం చాల్లేదు. దాన్ని అలాగే బిగించేసి దేవుడి మీద భారం వేశాడు. అత్తగారు ప్రయాణికుల బల్ల మీద సుఖంగా కూర్చుంది.

అధికారి లోపలికి వస్తూనే గుమ్మంలోని లైటుకు నుదురు కొట్టుకున్నాడు. "వెలుతురు బాగుంది" అన్నాడు నుదురు రుద్దుకుంటూ. తర్వాత ఒక్కో దీపం వెయ్యమన్నాడు. బోర్డు మోకాళ్ళ దగ్గర ఉండడంతో సరంగు ప్రతి స్విచ్‌కీ నడుం వంచాల్సి వచ్చింది. తనకు వంగి నమస్కారాలు పెడుతున్నాడనుకుని అధికారి మొహమాటపడి, "ఫర్వాలేదయ్యా, ఫర్వాలేదు" అంటూ తనూ కాస్త కాస్త వంగడం మొదలుపెట్టాడు. ఎర్రదీపం, పచ్చదీపం, పంపు అయ్యేసరికి ఇద్దరికీ నడుం నొప్పి పట్టింది. ఆయన బల్ల మీద కూలబడి, "ఇక హారన్ కొట్టు" అన్నాడు.

సరంగు వద్దని చెప్పేలోగా బావమరిది కొట్టాడు.

అధికారి లేచిన ఎత్తుకు ఆయన కళ్ళజోడు అత్తగారి ఒళ్ళో పడింది. చెవిలో వేలు పెట్టి కాసేపు కదిపాక, "హారన్ వినబడుతోంది" అని గట్టిగా అరిచి కాగితం మీద రాసుకున్నాడు.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఆయన బోర్డు ముందు నేల మీద కూర్చుని ఒక్కో మర విప్పి ఒక్కో కొసా బయటికి లాగి చూశాడు. తెల్లగా ఉంది. ఇంకోటి లాగాడు. అదీ తెల్లగానే ఉంది. మొహం విప్పారింది.

"తగరం పూత వైరు! ఈ రేవులో ఇదే మొదటిసారి చూడడం. ఎవరయ్యా ఎంచింది?"

"మేమేనండీ" అంటూ బావమరిది ముందుకొచ్చాడు. సరంగు ఆ మాట కూడా పట్టించుకోలేదు. పర్మిట్ కళ్ళముందు కనబడుతోంది. అప్పుడు అధికారి చివరి వైరు లాగాడు.

కొస ఆకుపచ్చగా ఉంది. తడి గుడ్డతో తుడిచి, కవరులో చుట్టి రాత్రంతా ఉంచిన ఉప్పూ నిమ్మరసమూ తమ పని తాము చేశాయి. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేంటి, నిమ్మకాయ వాసన?"

"నిన్న ఎర్రగా మెరిసిందండీ" అంది అత్తగారు లేచి వచ్చి. "నేనే తోమాను. అన్నీ నేనే తోమాను."

"అన్నీనా? మిగతావన్నీ తెల్లగా ఉన్నాయి కదమ్మా!"

అత్తగారు వంగి చూసింది. నిజమే, తెల్లగా ఉన్నాయి. ఆవిడ నెమ్మదిగా కొడుకు వైపు తిరిగింది.

"ఏం జరిగిందిరా?"

అడిగింది కాబట్టి అతను చెప్పేశాడు. కత్తెరతో సహా.

అత్తగారు కూతురి వైపు తిరిగింది. "మీ ఆయన నేను తోమినవన్నీ కోసి పారేశాడటా?"

'మీ ఆయన' అన్న మాటకు సరంగు ప్రాణం ఉసూరుమంది. ఆ క్షణంలో అతనికి పర్మిట్ సంగతి కూడా గుర్తు లేదు.

"తప్పు నాదే అత్తయ్యగారూ. ఇన్నేళ్ళకి నాతో నేరుగా మాట్లాడారు. ఆ సంతోషంలో, అది తీసెయ్యాల్సిన పూత కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఉప్పు నుంచి వైరుని కాపాడేదే ఆ పూత."

"తగరం పూతమ్మా" అన్నాడు అధికారి. "గిన్నెలకి లోపల పోస్తారే, ఆ కళాయే."

"కళాయా?" అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఆ ఒక్క మాట ముందు చెప్పొద్దూ? కళాయి మీద నేను గోరు తగలనిస్తానా? నెల్లాళ్ళు గ్లాసులు నానబెట్టే బదులు వంటింట్లోకొచ్చి నన్నడిగితే ఏం పోయింది?"

అందరూ సరంగు వైపు చూశారు. అతను లగ్గుల సంచీలోకి చూశాడు.

అధికారి ఆ చివరి వైరు కొసలు తన ముందే కోయించి, కొత్త లగ్గులు బిగింపజేశాడు. స్తంభం మీది దీపం కూడా మూరెడు కిందికి దిగింది. తర్వాత ఆయన కాగితం తీసి చాలాసేపు రాసి, ముద్ర వేసి, సరంగు చేతిలో పెట్టి, గుమ్మంలోని లైటుకు మళ్ళీ నుదురు కొట్టుకుని వెళ్ళిపోయాడు.

పర్మిట్! సరంగు దాన్ని కళ్ళకద్దుకుని చదివాడు. చివరికి వచ్చి, అక్కడున్న షరతును మళ్ళీ ఒకసారి చదివాడు. ఇన్నాళ్ళూ దేనికోసం నిద్రాహారాలు మానాడో ఆ కాగితం చేతికొచ్చింది, కాని దాన్ని గోడకు తగిలించే దారి మాత్రం కనబడలేదు. తగిలించకపోతే బోటు కదలదు. రేవులో అప్పటికే జనం మూటలతో నిలబడి తొందరపెడుతున్నారు. అతను కాగితాన్ని వీపు వెనక దాచాడు. బావమరిది దాన్ని వెనకనుంచి లాక్కుని పైకి చదివేశాడు.

"షరతు. యజమాని అత్తగారు ఉప్పు, నిమ్మకాయ, గరుకు కాగితంతో బోటులోని విద్యుత్ పరికరాల దగ్గరికి రాకూడదు."

సరంగు కళ్ళు మూసుకున్నాడు. ఇక ఈ జన్మలో మిక్సీ సంగతి ఒక్కటే కాదు, ఇదీ వినాలి.

"మళ్ళీ చదువు" అంది అత్తగారు. కొడుకు మళ్ళీ చదివాడు.

"అంటే, గవర్నమెంటు కాగితం మీద నా గురించి రాశారా?"

"అవునమ్మా."

"ముద్ర కూడా ఉందా?"

"రెండున్నాయి."

"మీ బావ గురించి ఏం రాశారు?"

"యజమాని అని రాశారు. అంతే."

అత్తగారు చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ప్రయాణికుల బల్ల వైపు నడిచి, గోడను అటూ ఇటూ చూసి ఒకచోట వేలు పెట్టింది.

"ఇక్కడ తగిలించండి అల్లుడుగారూ. ఇంకొంచెం పైకి. నిలబడ్డవాళ్ళకి కూడా కనబడాలి."

సరంగు మేకు కొట్టాడు. వేలు మీద కూడా ఒకటి కొట్టుకున్నాడు, అయినా నవ్వు ఆగలేదు. బోటు నిండా జనంతో అవతలి ఒడ్డుకు బయల్దేరింది. పర్మిట్ కింద కూర్చున్న అత్తగారు చదువు రానివాళ్ళకు దాన్ని చదివి వినిపించింది, చదువు వచ్చినవాళ్ళకు అర్థం విడమరిచి చెప్పింది.

ఆ వారంలోనే బావమరిది తనిఖీ కార్యాలయానికి వెళ్ళి, తన గురించి కూడా ఒక షరతు రాయడానికి వీలవుతుందేమో కనుక్కుని వచ్చాడు.